అమ్మ మెదడులో మూడు గడ్డలు: తల మొత్తానికి కరెంటు పెట్టించాలా, గడ్డల వరకేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది తెనాలి దగ్గర ఒక ఊరు. మా అమ్మకు 57 ఏళ్లు. మా ఇంట్లో పొగతాగే అలవాటు ఎవరికీ లేదు, అయినా అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. అడినోకార్సినోమా అన్నారు. ముక్క తీసి ఏదో జీన్ పరీక్షకు పంపారు, రిపోర్టు ఇంకా రాలేదు. ఈలోగా పొద్దున్నే తలనొప్పి, వాంతులు, ఎడమ చేతిలోంచి గిన్నెలు జారిపోవడం మొదలయ్యాయి. ఎమ్మారై తీస్తే మెదడులో మూడు గడ్డలు కనిపించాయి. పెద్దది 2.1 సెంటీమీటర్లు, మిగతా రెండూ సెంటీమీటరు లోపే. గుంటూరులో డాక్టర్ గారు తల మొత్తానికి 10 రోజులు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలన్నారు. హైదరాబాద్‌లో చూపిస్తే గడ్డల వరకే ఒక్క రోజులో చేసే రేడియోసర్జరీ చాలన్నారు, కానీ ఖర్చు చాలా ఎక్కువ. "తల మొత్తానికి పెడితే కనపడనివి కూడా పోతాయి కదా" అంటున్నాడు మా మావయ్య. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు అప్పు చేసైనా ఖరీదైన మెషీన్ మీదే చేయిద్దామంటాడు. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాక అమ్మ లేచి తిరుగుతోంది, ఇరవై మంది చీటీ లెక్క ఎప్పటిలా నోటితోనే చెబుతోంది. మెదడుకు పాకిందని మాత్రం తనకు చెప్పలేదు. వచ్చే గురువారం లోపు మా నిర్ణయం చెప్పాలి. ఏం చేయమంటారు?

– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీకు గురువారం గడువు ఉంది కాబట్టి ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ అమ్మగారికి ముందుగా గడ్డల వరకే చేసే రేడియోసర్జరీ మంచిది. తల మొత్తానికి పెట్టే రేడియేషన్‌ని ఇప్పుడే వాడేయకుండా, ముందు ముందు అవసరం పడితే వాడుకోవడానికి దాచుకోండి. నేను స్కాన్ చూడలేదు, అమ్మగారిని చూడలేదు. అందుకని ఇది మీరు డాక్టర్ల దగ్గర కూర్చుని మాట్లాడడానికి పనికొచ్చే మాటగా తీసుకోండి. వాళ్లు స్కాన్‌లో నాకు తెలియని కారణం ఏదైనా చూపిస్తే వాళ్ల మాటే వినాలి.

మీ మావయ్య గారి మాటను మాత్రం తేలిగ్గా తీసిపారేయకండి. ఆయన అడిగిన ప్రశ్నే మా రంగంలో పెద్ద పెద్ద డాక్టర్లు ఎన్నో ఏళ్లు అడిగారు. ఎమ్మారైలో కనిపించేవి మూడు గడ్డలే కావచ్చు, కానీ ఆవగింజలో వందో వంతు లేని కణాల గుంపులు ఇంకెక్కడైనా ఉండవచ్చు కదా, అన్నిటినీ ఒకేసారి కొట్టేస్తే పోలేదా అనే ఆలోచనతోనే దశాబ్దాల పాటు అందరికీ తల మొత్తానికి రేడియేషన్ ఇచ్చాం. నేనూ ఇచ్చాను. సాధారణంగా 10 సిట్టింగుల్లో 30 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత), లేదంటే 5 సిట్టింగుల్లో 20 గ్రేలు. చిన్న సెంటర్లలో కూడా చేయవచ్చు, ఖర్చు తక్కువ, రెండు మూడు రోజుల్లో మొదలుపెట్టేయవచ్చు.

మరి ఆ ఆలోచన ఎక్కడ మారిందంటే, జపాన్ డాక్టర్లు ఒకటి నుంచి నాలుగు గడ్డలున్న 132 మందిని రెండు భాగాలు చేశారు. కొందరికి రేడియోసర్జరీ ఒక్కటే, కొందరికి దానితో పాటు తల మొత్తానికి రేడియేషన్. ఆ ఫలితాలు 2006లో వచ్చాయి. రెండో గుంపులో ఏడాదిలోపు మెదడులో జబ్బు తిరగబెట్టింది వందలో 47 మందికి. మొదటి గుంపులో వందలో 76 మందికి. అంటే మీ మావయ్య చెప్పింది అక్షరాలా నిజం, తల మొత్తానికి పెడితే కొత్త గడ్డలు తక్కువే వచ్చాయి. కానీ అలా పెట్టించుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతకలేదు. రెండు గుంపులూ దాదాపు ఒక్కలాగే బతికాయి. ఎందుకంటే రేడియోసర్జరీ గుంపులో కొత్త గడ్డ వచ్చినప్పుడు దానికి అప్పుడు మళ్లీ వైద్యం చేసుకున్నారు. పైగా ఈ జబ్బులో ప్రాణం మీదకు వచ్చేది చాలామందికి మెదడు వల్ల కాదు, మిగతా ఒంట్లో ఉన్న క్యాన్సర్ వల్ల.

ఆయుష్షు సమానమైనప్పుడు, బతికినన్నాళ్లూ ఎలా బతికారన్నదే చూడాలి కదా. మీ తమ్ముడు ఉంటున్న టెక్సాస్‌లోనే, హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ ఆస్పత్రిలో ఒక పరిశోధన చేశారు. అందులో జ్ఞాపకశక్తికి పెట్టిన పరీక్ష చాలా సాదాది. పన్నెండు మాటలు చదివి వినిపిస్తారు. మళ్లీ అప్పచెప్పమంటారు. అలా మూడుసార్లు చేస్తారు. ఇరవై నిమిషాలు వేరే మాటల్లో పెట్టి, ఇందాకటి మాటలు ఏవేం గుర్తున్నాయో చెప్పమంటారు. నాలుగు నెలలయ్యేసరికి తల మొత్తానికి కూడా పెట్టించుకున్నవాళ్లలో సగం మందికి పైగా ఈ పరీక్షలో బాగా వెనకబడతారని అంచనా తేలింది. రేడియోసర్జరీ ఒక్కటే అయినవాళ్లలో అది నాలుగో వంతు. తేడా అంత స్పష్టంగా కనిపించడంతో 58 మందిని తీసుకున్నాక ఆ పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. తర్వాత 2016లో, ఒకటి నుంచి మూడు గడ్డలున్న 213 మందితో మరో పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకు, తల మొత్తానికి కూడా పెట్టినవాళ్లలో వందలో 92 మందికి జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో ఏదో ఒకదాంట్లో తగ్గుదల కనిపించింది. రేడియోసర్జరీ ఒక్కటే అయినవాళ్లలో 64 మందికి. రెండోదీ తక్కువేం కాదు, ఎందుకంటే జబ్బు వల్ల, మందుల వల్ల కూడా మతిమరుపు వస్తుంది. కానీ ఆ తేడా ఎంతమంది ఇళ్లలో ఎలా కనిపిస్తుందో నాకు తెలుసు. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం, మధ్యాహ్నం మాత్ర వేసుకున్నానా లేదా అని మూడుసార్లు అడగడం, ఎప్పుడూ నిద్రమత్తుగా ఓ మూల కూర్చోవడం.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం చీటీ లెక్క గురించి రాసింది. ఎవరు పాడారు, ఎవరు కట్టారు, ఎవరికి ఎంత బాకీ అని ఇరవై మంది లెక్కను పుస్తకం లేకుండా చెప్పే మనిషి ఆవిడ. ఆ పన్నెండు మాటల పరీక్ష కొలిచేది సరిగ్గా ఆ శక్తినే. మూడు చిన్న గడ్డల కోసం దాన్ని ఇప్పుడే పణంగా పెట్టడం నాకు ఇష్టం లేదు.

అయితే రేడియోసర్జరీకి ఒక షరతు ఉంది. ఆస్పత్రి బిల్లు కట్టేయగానే వైద్యం అయిపోదు. ప్రతి రెండు మూడు నెలలకోసారి, కనీసం మొదటి ఏడాది, తప్పకుండా ఎమ్మారై తీయించాలి. ఇందాక చెప్పిన 76 మంది లెక్క గుర్తుపెట్టుకోండి. కొత్త గడ్డ ఎక్కడో ఒకచోట వచ్చే అవకాశం ఎక్కువే. అది అర సెంటీమీటరు ఉన్నప్పుడు కనిపిస్తే మళ్లీ ఒక పూటలో కాల్చేయవచ్చు. మూడు సెంటీమీటర్లయి ఫిట్స్ వచ్చాక కనిపిస్తే ఆ సుఖం ఉండదు. "బాగానే ఉంది కదా, ఇప్పుడు స్కానింగ్ ఎందుకు" అనే మాట మీ ఇంట్లో ఎవరూ అనకూడదు. స్కాన్‌కి తిరగడానికి మనుషులు లేరు, డబ్బు లేదు, ఎలాగూ వెళ్లలేం అనిపిస్తే ఆ సంగతి డాక్టర్‌కి ఇప్పుడే చెప్పండి. అప్పుడు లెక్క మారుతుంది, గుంటూరు డాక్టర్ గారి సలహాకు బలం పెరుగుతుంది.

ఇక మెషీన్ గురించి. తమ్ముడికి చెప్పండి, గామా నైఫ్, సైబర్ నైఫ్, మామూలు రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ అనే మెషీన్ మీద చేసే రేడియోసర్జరీ, మూడింటి పనీ ఒకటే. నైఫ్ అన్నారని కత్తి ఉండదు, కోత ఉండదు. స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ అనే న్యూరోసర్జన్ 1951లో రేడియోసర్జరీ అనే మాట పుట్టించారు, సన్నటి కిరణాలను ఎన్నో దిక్కుల నుంచి తెచ్చి ఒకే చుక్క దగ్గర కలిపితే అక్కడ కత్తితో తీసేసినంత పని జరుగుతుందన్న ఆలోచనతో. ఒక్కో కిరణం దారిలో ఉన్న మెదడుకు తగిలేది కొద్దిగానే, అన్నీ కలిసేచోట మాత్రం గడ్డ మాడిపోయేంత. మీ అమ్మగారి గడ్డల సైజులకు మెషీన్ పేరు కంటే ఆ టీమ్ నెలకు ఇలాంటివి ఎన్ని చేస్తుందో, ప్లాన్‌ని రేడియేషన్ లెక్కలు చూసే మెడికల్ ఫిజిసిస్ట్ కూర్చుని సరిచూస్తారో లేదో ముఖ్యం. మంచి లీనియర్ యాక్సిలరేటర్ ఉన్న సెంటర్‌లో అనుభవమున్న టీమ్ తక్కువ ఖర్చుకు చేస్తానంటే, పేరున్న మెషీన్ కోసం అప్పు చేయక్కర్లేదు. విజయవాడలో, గుంటూరులో కూడా ఎవరు చేస్తున్నారో వాకబు చేయండి. హైదరాబాద్ దాకా వెళ్లాలో లేదో దాన్ని బట్టి తేలుతుంది.

ఆ రోజు ఏం జరుగుతుందో కాస్త చెబుతాను, అమ్మగారికి మీరే చెప్పవచ్చు. ముందు ఒక మాస్క్ తయారుచేస్తారు. చిల్లుల ప్లాస్టిక్ పలకను వేణ్నీళ్లలో ముంచితే మెత్తగా సాగుతుంది. దాన్ని ముఖం మీద పరిచి, ముక్కూ గడ్డం దగ్గర వేళ్లతో ఒత్తుతారు. గోరువెచ్చని తడి తువ్వాలు కప్పినట్టుంటుంది. కాసేపట్లో చల్లారి ఆవిడ ముఖం ఆకారంలోనే గట్టిపడుతుంది. ఊపిరి హాయిగా ఆడుతుంది, చిల్లుల్లోంచి కనిపిస్తుంది కూడా. తల మిల్లీమీటరు కూడా కదలకుండా ఉండడానికి అది. కొందరికి ఊపిరాడనట్టు టెన్షన్ వస్తుంది, ముందే చెబితే కళ్ల దగ్గర కత్తిరించి ఇస్తారు, అవసరమైతే చిన్న మాత్ర ఇస్తారు. కొన్నిచోట్ల మాస్క్ బదులు తలకు ఫ్రేమ్ బిగిస్తారు, దానికి నాలుగు చోట్ల మత్తు సూది ఉంటుంది. మిగతాదంతా కదలకుండా పడుకోవడమే. సాయంత్రానికి ఇంటికి వచ్చేయవచ్చు. జుట్టు మొత్తం రాలదు. పెద్ద గడ్డ 2.1 సెంటీమీటర్లే కాబట్టి ఒక్క సిట్టింగ్ సరిపోవచ్చు. దాని చుట్టూ వాపు ఎక్కువుంటేనో, సున్నితమైన చోట ఉంటేనో మూడు లేదా ఐదు రోజులుగా విడగొడతారు, అలా అన్నారని కంగారు పడకండి. మూడు సెంటీమీటర్లు దాటి పక్కకు నెడుతున్న గడ్డ అయితే ఆపరేషన్ మాట ముందు వచ్చేది, మీకు ఆ అవసరం ఉన్నట్టు లేదు.

ఒక ఇబ్బంది కూడా తెలిసి ఉండాలి. కొద్దిమందిలో, కొన్ని నెలల నుంచి ఏడాది తర్వాత, రేడియేషన్ పడిన చోట మెదడు కణజాలం చచ్చిపోయి వాపు వస్తుంది. స్కాన్‌లో అది అచ్చం గడ్డ మళ్లీ పెరిగినట్టే కనిపిస్తుంది. అప్పుడు గుండె జారిపోకుండా, ఇది జబ్బా, రేడియేషన్ ప్రభావమా అని అడగండి. తేల్చడానికి వేరే స్కాన్లు ఉన్నాయి, చాలామందికి మందులతోనే తగ్గుతుంది.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన జీన్ రిపోర్టు దగ్గరికి వస్తాను. మీ కుటుంబం రెండు రేడియేషన్ల మధ్య ఊగుతోంది కానీ, ఆ రిపోర్టే ఈ కథలో సగం. పొగతాగని ఆడవాళ్లలో వచ్చే అడినోకార్సినోమాలో ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మార్పు ఉండే అవకాశం బాగానే ఉంటుంది. ఉందని తేలితే ఒసిమెర్టినిబ్ అనే మాత్ర రోజుకొకటి వాడతారు. పాత కీమో మందుల్లా కాకుండా ఇది మెదడులోకి బాగా వెళ్తుంది, ఊపిరితిత్తుల్లో గడ్డతో పాటు మెదడులో గడ్డల్నీ కుదిస్తుంది. ఏఎల్‌కే అనే మార్పు ఉంటే అలెక్టినిబ్, లోర్లాటినిబ్ లాంటివి ఉన్నాయి. మీ మావయ్య అడిగిన "కనపడని కణాల" సంగతి చూసుకునే పని ఇప్పుడు చాలామందిలో ఈ మాత్రలదే. అందుకని గురువారం మీరు వేయాల్సిన మొదటి ప్రశ్న, రిపోర్టు ఎప్పుడొస్తుంది అని.

మార్పు ఉందని తేలితే రేడియేషన్ అసలు ఆపి మాత్రతోనే చూద్దామా అనే మాట కూడా రావచ్చు. మెదడులో గడ్డలు చిన్నవిగా ఉండి, ఏ లక్షణమూ లేనివాళ్లకు కొందరు డాక్టర్లు అలాగే చేస్తారు. ఇందులో డాక్టర్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. మీ అమ్మగారికి చేతి పట్టు తప్పింది, వాంతులయ్యాయి. కాబట్టి కనీసం ఆ పెద్ద గడ్డకైనా రేడియోసర్జరీ చేయించి, మాత్ర మొదలుపెట్టడం నాకు క్షేమంగా అనిపిస్తుంది. ఇంకో సంగతి. ఆ మాత్రలు ఖరీదైనవి, నెలనెలా కొనాలి. ఉన్న డబ్బంతా మెషీన్‌కే ధారపోసి, తర్వాత మాత్రకు చేతులు చాచే పరిస్థితి తెచ్చుకోకండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే, రేడియోసర్జరీ దాని కిందకు వస్తుందా, ఏ ఆస్పత్రిలో వస్తుందో హెల్ప్‌డెస్క్‌లో అడిగి తెలుసుకోండి. మాత్రకు కంపెనీల సహాయ పథకాలుంటాయి, క్యాన్సర్ మందులు రాసే డాక్టర్‌ని (మెడికల్ ఆంకాలజిస్ట్) అడగండి.

గుంటూరు డాక్టర్ గారు తప్పు చెప్పారని మాత్రం అనుకోవద్దు. తల మొత్తానికి పెట్టడమే సరైన వైద్యమయ్యేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. మెదడంతా చుక్కలు చల్లినట్టు లెక్కలేనన్ని గడ్డలున్నవాళ్లు, మెదడు పొరలకు జబ్బు పాకినవాళ్లు, స్మాల్ సెల్ రకం క్యాన్సర్ ఉన్నవాళ్లలో చాలామంది. జపాన్‌లోనే 1,194 మందిని చూసి 2014లో చెప్పిందేమిటంటే, రేడియోసర్జరీ చేయించుకున్నవాళ్లలో ఐదు నుంచి పది గడ్డలున్నవాళ్లూ, రెండు నుంచి నాలుగున్నవాళ్లూ దాదాపు సమానంగానే బతికారు. కాబట్టి మూడు దాటితే తల మొత్తానికే అనే పాత హద్దు కూడా చెరిగిపోతోంది. ఇక రేపెప్పుడైనా అమ్మగారికి తల మొత్తానికి పెట్టాల్సి వచ్చినా, జ్ఞాపకాలకు మూలమైన హిప్పోకాంపస్ అనే భాగాన్ని తప్పించి కిరణాలు వేసే పద్ధతి ఉంది, దానితో పాటు మతిమరుపుకు వాడే మెమాంటిన్ అనే మాత్ర ఇస్తారు. 518 మందితో చేసిన పరిశోధనలో, రెండు గుంపులకూ మెమాంటిన్ ఇచ్చి పోల్చినా, ఆ భాగాన్ని తప్పించినవాళ్లకు మతిమరుపు తక్కువని తేలింది. అప్పుడు ఆ మాట పేరు పెట్టి అడగండి.

ఏ రేడియేషనూ వద్దనాల్సినవాళ్లూ ఉంటారు. నా ఉద్యోగం తొలి రోజుల్లో మంచం మీంచి లేవలేని ఒక పెద్దాయనకు తల మొత్తానికి పది సిట్టింగులు రాశాను. రోజూ అరవై కిలోమీటర్లు జీపులో తెచ్చి తీసుకెళ్లేవారు. ఆఖరి సిట్టింగ్ అయిన పన్నెండో రోజు ఆయన పోయారు. ఇంటి అరుగు మీద పడుకుని మనవళ్లను చూసుకోవాల్సిన రోజుల్ని నేను జీపులో తిప్పించాను. తర్వాత 2016లో బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 538 మందితో చేసిన పరిశోధన వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకి, ఆపరేషన్‌కి గానీ రేడియోసర్జరీకి గానీ వీలుపడనివాళ్లకు స్టెరాయిడ్ ఒక్కటే ఇచ్చినా, దాంతో పాటు తల మొత్తానికి రేడియేషన్ ఇచ్చినా పెద్ద తేడా లేదని తేలింది. రెండు గుంపుల్లోనూ సగటున బతికింది తొమ్మిది వారాలే. మీ అమ్మగారు ఆ స్థితిలో లేరు, లేచి తిరుగుతున్నారు, లెక్కలు చెబుతున్నారు. ఇదంతా ఎందుకు చెప్పానంటే, గడ్డల లెక్కతో పాటు మనిషి ఎలా ఉన్నారన్నది కూడా చూసే వైద్యం నిర్ణయిస్తాం.

స్టెరాయిడ్ గురించి ఒక హెచ్చరిక. ఇప్పుడు కనిపిస్తున్న మెరుగంతా గడ్డ చుట్టూ వాపు తగ్గడం వల్ల వచ్చింది, గడ్డ అలాగే ఉంది. తలనొప్పి తగ్గింది కదా అని మాత్రలు ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్ చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాలి. డోసులు పొద్దునా, మధ్యాహ్నం అయ్యేలా అడగండి, రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. షుగర్ లేకపోయినా వారానికి రెండుసార్లు షుగర్ చూపించండి, ఈ మాత్రతో బాగా పెరుగుతుంది. కడుపులో మంటకు కూడా మాత్ర ఉండాలి. ఫిట్స్ వచ్చినా, మళ్లీ వాంతులు మొదలైనా, లేపితే లేవనంత మగతగా ఉన్నా గురువారం దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. అవేవీ లేకపోతే వారం రోజుల ఆలస్యం వల్ల నష్టం లేదు, నిదానంగా ఆలోచించుకోండి.

చివరిగా, మీరు నన్ను అడగని విషయం. ఇంతమంది మాట్లాడుతున్నారు, మావయ్య, తమ్ముడు, ఇద్దరు డాక్టర్లు, ఇప్పుడు నేను. తల ఎవరిదో ఆవిడ మాత్రం ఈ మాటల్లో లేదు. చెబితే తట్టుకోలేదనే భయంతోనే దాచారని తెలుసు. కానీ ముఖానికి మాస్క్ బిగించే రోజున ఆవిడకు ఎలాగూ అర్థమవుతుంది, అది కొత్తవాళ్ల మధ్య ఒంటరిగా అర్థమవడం కంటే మీ నోట వినడం నయం. అన్నీ ఒకేసారి చెప్పక్కర్లేదు. ఆవిడ చీటీ లెక్క చూసుకుని తీరిగ్గా ఉన్న వేళ పక్కన కూర్చుని, "అమ్మా, నీ తలనొప్పి ఎందుకొచ్చిందో డాక్టర్లు కనిపెట్టారు, నీకెంత వరకు చెప్పమంటావు?" అని అడగండి. ఎంతవరకు అడిగితే అంతవరకు చెప్పండి. అడిగితే, ఇందులో రెండు దారులున్నాయని, ఒకదాంట్లో మళ్లీ మళ్లీ స్కానింగ్‌కి తిరగాలని, ఇంకోదాంట్లో మతిమరుపు రావచ్చని చెప్పి, నీకేది ఇష్టమని అడగండి. నాకు తెలిసినంతలో ఆవిడ మీ అందరికంటే త్వరగా తేల్చేస్తారు.

గురువారం ఆవిణ్ని వెంట తీసుకెళ్లండి. ఎమ్మారై ఫిల్మ్ ఒక్కటే కాకుండా సీడీ కూడా తీసుకెళ్లండి, రేడియోసర్జరీ ప్లాన్‌కి అదే కావాలి. స్టెరాయిడ్ ఏ రోజు మొదలుపెట్టారో, ఎంత డోసో ఒక కాగితం మీద రాసుకోండి. జీన్ రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి, చూస్తాను.